సీతారత్నం గారి కనెక్షన్

ఢిల్లీ కంటోన్మెంట్‌లో మా కల్పన వాళ్ల క్వార్టరు వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఒక వేపచెట్టు, దాని కింద ఎవరిదో పాత స్కూటరు కనపడాలి. ఆ జనవరి పొద్దున చెట్టూ లేదు, స్కూటరూ లేదు. అంతా మంచు. మా గోదావరి వైపు మంచు పొద్దెక్కేసరికి సిగ్గుపడి వెళ్లిపోతుంది. ఇక్కడి మంచుకి ఆ సిగ్గు లేదు. రోజంతా గుమ్మంలోనే కూర్చుంటుంది. దానికో వాసన కూడా ఉంటుంది. పొగ, కాలిన రబ్బరు, ఎక్కడో ఎవరో వేయిస్తున్న వేరుశనగలు.

నేను పిఠాపురం దగ్గర ఒక పల్లెలో బడిపంతుల్ని. కల్పన మా అక్క కూతురు, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. దాని భర్త సునీల్ సైన్యంలో హవల్దారు, అప్పట్లో సరిహద్దులో ఉన్నాడు. ఫోను కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేదు. "పిల్ల ఒక్కతే ఉందిరా, నాలుగు రోజులు తోడుండి రా" అని అక్క అంటే బడికి సెలవు పెట్టి వచ్చాను.

టీ కాస్తున్నాను. గదిలోంచి కేక వినపడింది. వెళ్లి చూస్తే కల్పన ల్యాప్‌టాప్ ముందు నిలబడి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డంగా పెట్టుకుంది.

"ఏమ్మా?"

"పాప, మావయ్యా... నాకు పాప."

పిల్లల కోసం వాళ్లు తిరగని ఆసుపత్రి లేదు. ఆ తిరుగుళ్లు మానేసి, ఒక దత్తత సంస్థలో పేరు రాయించుకుని ఏళ్లు గడిచాయి. ఇన్నాళ్లకి కబురొచ్చింది. ఆడపిల్ల, ఎనిమిదో నెల. ఫొటో కూడా పంపారు. బోసినోరు, నుదుటి మీద ఉంగరాల జుట్టు, కెమెరా పట్టుకున్నవాణ్ణి నిలదీస్తున్నట్టు చూపు. కింద రాసిన మాట మాత్రం కటువుగా ఉంది. 'ఈరోజు సాయంత్రం కార్యాలయం మూసేలోగా సమ్మతి తెలపాలి. లేనిపక్షంలో వరుసలో తరవాత ఉన్న దంపతులకు అవకాశం ఇస్తాం.'

"రాయి మరి, చూస్తావేం?"

"రాస్తున్నా, రాస్తున్నా." రాసింది. పంపింది. తెర మీద ఎర్రగా ఒక గుర్తు పడింది. మళ్లీ పంపింది. మళ్లీ ఎరుపే.

"ఏమంటుందే అది?"

"ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అంటోంది. అంటే నువ్వెవరో నాకు తెలీదు, పొమ్మంటోంది."

"ఉత్తరం వచ్చింది కదా! ఇవ్వడానికి తెలిసినవాడికి పుచ్చుకోవడానికి తెలీదా?"

"వచ్చేది వస్తోంది మావయ్యా. పోయేదే పోవట్లేదు."

ఇక్కడ మీకు సీతారత్నం గారి సంగతి చెప్పాలి. ఈ క్వార్టరు దొరకక ముందు కల్పనా సునీలూ ఢిల్లీ శివారు వైశాలిలో ఆవిడ ఫ్లాటులో రెండు గదులు అద్దెకి తీసుకుని ఉండేవాళ్లు. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. కల్పన ఆవిణ్ణి పిన్నిగారూ అని పిలిచేది. ఇంటర్నెట్ లైను ఆవిడ పేరు మీదే ఉండేది. లైనుతో పాటు కంపెనీవాళ్లు కొన్ని మెయిల్ చిరునామాలు ఇస్తే, అందులో ఒకటి కల్పనకి ఇచ్చింది. కల్పన దాన్నే దత్తత సంస్థకి రాసిచ్చింది. క్వార్టరుకి మారాక ఆ చిరునామాకి వచ్చినవి చదువుకోవడమే గాని, అందులోంచి ఎవరికీ ఏదీ పంపలేదు. పోయిన కార్తీకంలో సీతారత్నం గారు చనిపోయారు.

కల్పన సంస్థకి ఫోను చేసింది. వేరే చిరునామా నుంచి పంపితే ఒప్పుకోం అన్నారు. మధ్యవర్తులు దొంగ మెయిళ్లు పెట్టి మోసం చేశారట, అప్పట్నించీ నమోదైన చిరునామా తప్ప ఇంకేదీ చెల్లదట. తరవాత ఇంటర్నెట్ కంపెనీకి చేసింది. అవతల కుర్రది మర్యాదగానే మాట్లాడింది. పాస్‌వర్డ్ మార్చాలంటే కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి ఫోనుకి ఓటీపీ వెళ్తుంది, వారిని లైన్లోకి పిలవండి అంది.

"ఆవిడ చనిపోయారండీ."

"ఠీక్ హై మేడమ్. మరి ఎప్పుడు అందుబాటులో ఉంటారు?"

కల్పన ఫోను పెట్టేసి, ఏడవలేక నవ్వింది.

పై అంతస్తులో విష్ణువర్ధన్ అని కడప కుర్రాడు ఉన్నాడు, సైన్యంలో సిగ్నల్స్ విభాగం. డ్యూటీకి వెళ్లబోతూ బూట్లతోనే వచ్చి కూర్చున్నాడు. ఏదో గడిలో టిక్కు పెట్టాడు, తీశాడు. ఏదో అంకె మార్చాడు. ఎరుపు మారలేదు.

"ఇది పాత కాలం సర్వర్ సార్. దీనికి మనిషితో పనిలా, ఇంటితోనే పని. ఆ ఇంటి లైన్లోంచి వచ్చినామా, మనోళ్లే అనుకుంటాది, ఏమీ అడగదు. బయట్నించి వస్తేనే 'యెవురు నువ్వు, పాస్‌వర్డ్ చెప్పు' అంటాది. అక్క ఇన్నాళ్లూ ఆ ఇంట్లో కూచోని పంపినాది గదా, పాస్‌వర్డ్ అవసరమే పడలా."

"తీసుకోవడానికి ఒక పాస్‌వర్డ్ ఉందిగా, అదిస్తే?"

"ఇచ్చి చూసినా సార్. తీసుకునేదానికి ఒగటి, పంపేదానికి ఒగటి పెట్టినారు మహానుభావులు."

మా పిల్లలకి నేను చెప్పే కథ ఒకటి గుర్తొచ్చింది. ఒక కోటకి కాపలావాడు ఉండేవాడు. బయటినుంచి ఎవరొచ్చినా గుర్తుమాట అడిగేవాడు. లోపల తిరిగేవాళ్లకి మాత్రం ఎవరని అడక్కుండా దణ్ణం పెట్టేవాడు. ఒకసారి వేటకి వెళ్లిన రాజు గుర్తుమాట మరిచిపోయి తెల్లవార్లూ గుమ్మం బయటే కూర్చున్నాడు. ఆ రాత్రి కోట లోపల ఎవరో దీపాలు వెలిగించారు, వంటింట్లో తిన్నారు, రాజు మంచం మీద పడుకున్నారు. కాపలావాడు దణ్ణం పెడుతూనే ఉన్నాడు. 'ఎవరు మాస్టారూ అది?' అని పిల్లలు అడుగుతారు. 'ఎవరూ అడగలేదుగా, ఎలా తెలుస్తుంది?' అంటాను. అడగడం నేర్చుకోండిరా అని దాని నీతి.

విష్ణువర్ధన్ నవ్వాడు. "అచ్చం అంతే సార్. అందుకే చెప్తాండా, ఆ ఇంటికి పోండి. ఆయమ్మ బ్యాంకు ఖాతాలోంచి బిల్లు పోతాంటే లైను ఇంకా బతికే ఉంటాది."

బతికే ఉంటుంది. ఆ మాట నాకెందుకో నచ్చలేదు.

మెట్రోలు మారుతూ వెళ్లాం. యమున మీద వంతెన ఎక్కినప్పుడు కింద నది లేదు, మేం ఎక్కిన వంతెనా లేదు. తెల్లటి గుడ్డలో చుట్టి ఎవరో మమ్మల్ని తీసుకెళ్తున్నట్టుంది. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ పిల్లలు బిలబిలమంటూ ఎక్కారు. వాళ్ల గోల మధ్య కల్పన ల్యాప్‌టాప్ సంచీని కడుపుకి అదుముకుని కూర్చుంది. నిమిషానికోసారి టైము చూసేది. నేను చూడొద్దని చెప్పి, నేనే చూసేవాణ్ణి.

వైశాలిలో దిగేసరికి పొద్దు ఇంకా ఉండాలి. లేదు. వీధి దీపాలు మధ్యాహ్నమే వెలిగించినట్టున్నారు, ఒక్కోటి పసుపు మరకలా ఉంది. ఆ భవనం మెట్లలోకి కూడా మంచు వచ్చేసింది. ఆఖరి అంతస్తు. ఎక్కుతూ ఎక్కుతూ కల్పన సగం మెట్ల మీదే ల్యాప్‌టాప్ తెరిచింది.

"మావయ్యా! కలిసిపోయింది!"

తెర మూల 'రత్నం' అని ఉంది. ఆవిడ తన లైనుకి పెట్టుకున్న పేరు. మేం తలుపు దాకా కూడా వెళ్లలేదు. ఆ ఇల్లు మమ్మల్ని మెట్ల మీదే గుర్తుపట్టింది.

"ఇంకేం, లోపలికెళ్లే పని లేదు. ఇక్కడే కూర్చుని పంపెయ్" అన్నాను. నాకు హాయిగా అనిపించింది.

పంపింది. ఈసారి నువ్వెవరని అడగలేదు. వేరే మాట చెప్పింది.

"ఏమంటుంది?"

కల్పన గొంతు తగ్గించి చదివింది. "ఈ కనెక్షన్ నుంచి... ఇప్పటికే వేరొకరు పంపుతున్నారు. కాసేపు ఆగండి."

ఆగాం. మళ్లీ పంపింది. మళ్లీ అదే మాట.

"లోపల ఎవరైనా ఉన్నారేమోనే?"

"ఎవరుంటారు? వీరభద్రరావు గారని ఆవిడ మరిది కొడుకు తాళం వేసుకుని రాజమండ్రి వెళ్లిపోయాడు. ఆ ఇంటర్నెట్ డబ్బా పాతది, ఇరుక్కుపోతుంది. ఆపి మళ్లీ వేస్తే సరిపోతుంది."

తాళంచెవి ఎదురు ఫ్లాటు పంజాబీ ఆంటీ దగ్గర ఉంది. కల్పనని చూసి కౌగిలించుకుంది. పాప సంగతి విని రెండు బుగ్గలూ పుణికింది. దీపావళి అయిన నెలకి ఆ ఇంటికి తాళం పడిందట, మళ్లీ ఎవరూ రాలేదట.

"మీరూ రండి ఆంటీ, లోపల చీకటిగా ఉంటుందేమో..."

"నహీ బేటీ, నా మోకాళ్లు చూశావుగా" అంది. ఆవిడ గుమ్మానికీ ఈ గుమ్మానికీ మధ్య ఒక చాప పరిచేంత చోటే ఉంది. తాళంచెవి ఇచ్చి, తలుపు వేసుకుని, లోపల గడియ కూడా పెట్టుకుంది. ఆ చప్పుడు విన్నాను.

తాళం తేలిగ్గానే వచ్చింది.

మూసిపెట్టిన ఇంటికి ఒక వాసన ఉంటుంది. కలరా ఉండలు, తడి గోడ, ఎండిపోయిన కుళాయి. అవన్నీ ఉన్నాయి. కరెంటు ఉంది గాని హాల్లో దీపం ఒక్కటే వెలిగింది, అదీ పాకం రంగులో. కుర్చీల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. గోడకి సీతారత్నం గారి ఫొటో, ప్లాస్టిక్ దండ. నేను ఆవిణ్ణి చూడటం అదే మొదలు. సన్నటి మొహం, విభూతి రేఖ, దాని కింద ఖాళీ నుదురు. పక్కకి చూస్తూ తీయించుకున్న ఫొటో. ఎవరో పిలిస్తే వెనక్కి తిరగబోతున్నట్టు ఉంది.

మూల బల్ల మీద ఇంటర్నెట్ డబ్బా. దాని మొహం మీద వరసగా ఆకుపచ్చ చుక్కలు. ఒక చుక్క ఆపకుండా కొట్టుకుంటోంది.

"అదేంటి?"

"వైరు పెట్టే రంధ్రానిది. లోపలి గదిలో పిన్నిగారి కంప్యూటరు ఉండేది, దానికి వైరు ఉండేది." కల్పన డబ్బాని వెనక్కి తిప్పింది. చాలాసేపు చూసింది. "మావయ్యా... వైరేం లేదు."

రంధ్రం ఖాళీగా ఉంది. దాని చుక్క కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు విన్నాను.

లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని వెనక, చాలా చిన్నగా... టక్. టక్ టక్. టక్.

"ఎలుకలు" అన్నాను.

కల్పన తల అడ్డంగా ఊపింది.

పల్లెలో పుట్టినవాణ్ణి. ఎలుక కొరకడం నాకు తెలుసు. మొదలుపెడితే ఆపదు, ఆపితే పారిపోతుంది. ఇది అలా లేదు. కొంచెం కొట్టి ఆగుతోంది. ఆలోచిస్తోంది. మళ్లీ కొడుతోంది. మా బళ్లో ఆరో తరగతి పిల్లలు కంప్యూటరు మీద అక్షరం వెతుక్కుంటూ కొట్టినట్టు... ఒంటివేలితో... ఓపికగా.

"ఆపి మళ్లీ వెయ్యవే. తొందరగా వెయ్యి. పోదాం."

కల్పన గోడలోంచి ప్లగ్గు పీకింది. డబ్బా చుక్కలన్నీ ఆరిపోయాయి.

ఒకటి తప్ప.

ప్లగ్గు కల్పన చేతిలో వేలాడుతోంది. ఆ ఖాళీ రంధ్రం చుక్క కొట్టుకుంటోంది. లోపల... టక్. టక్ టక్.

దాని చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగాను. కదల్లేదు. దాని చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"వదులు మావయ్యా."

"తల్లీ, పద."

"పోతే పాప పోతుంది." కళ్లలో నీళ్లు లేవు. "ఆఫీసు మూసేస్తారు. వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. నేను పోను."

ప్లగ్గు మళ్లీ గోడకి పెట్టింది. చుక్కలన్నీ వచ్చాయి. ల్యాప్‌టాప్‌లో మళ్లీ పంపింది. ఇప్పటికే వేరొకరు పంపుతున్నారు. కాసేపు ఆగండి.

అప్పుడది నేల మీద అలాగే చతికిలబడి, గోడ మీది ఫొటోకేసి చూసింది. గుసగుసగా మొదలుపెట్టింది. నాకు చెబుతోందో, ఫొటోకి చెబుతోందో తెలీలేదు.

"ఈ కాంప్లెక్సులో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు మావయ్యా. నోములకీ, సీమంతాలకీ బొట్టు పెట్టి పిలవడానికి వచ్చేవాళ్లు. ముందు గదిలో ఈవిడ కూర్చుని ఉంటే, ఈవిణ్ణి దాటుకుని నా గదిలోకి వచ్చి నాకు బొట్టు పెట్టేవాళ్లు. ఈవిడ లేచి లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. ఆ తలుపే. వాళ్లు వెళ్లేదాకా ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఏదో ఒకటి కొడుతూ ఉండేది. బయటికి వినపడాలని."

చేతిసంచీలో వెతికింది. కిందటి రోజు గుళ్లో ఇచ్చిన కుంకం పొట్లం తీసింది.

ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. భర్త పోయినావిడకి బొట్టు పెట్టకూడదనే ఆచారం మంచిదని నేననను, బళ్లో పిల్లలకి కూడా అలా చెప్పను. అయినా ఆ ఇంట్లో, ఆ చప్పుడు వింటూ, నా నోటికి అదే వచ్చింది.

"వద్దమ్మా. ఆవిడ పోయిన మనిషి. పోయినవాళ్లని పిలవకూడదు."

"బతికున్నప్పుడూ ఎవరూ పిలవలేదుగా" అంది.

దుప్పటి తీసి, కుర్చీ ఎక్కింది. ఉంగరపు వేలితో కుంకం అద్ది, అద్దం మీద, ఆ ఖాళీ నుదుటి మీద పెట్టింది. గుండ్రంగా, నిదానంగా.

"పిన్నిగారూ, మా ఇంటికి పాప వస్తోంది. అన్నప్రాశన చేస్తాం. మీరు తప్పకుండా రావాలి." ఆపైన పెద్దవాళ్లని పిలిచేటప్పుడు మనవాళ్లం అందరం అనే మాటే అంది. మర్యాదకి అనే మాట. పెళ్లికైనా గృహప్రవేశానికైనా ఎవరితోనైనా అనేస్తాం, ఎవరూ పట్టించుకోరు. "అంతా మీ చేతుల మీదుగానే జరగాలి."

చప్పుడు ఆగింది.

ఆగడం అంటే... మధ్యలో ఆలోచించడానికి ఆగినట్టు కాదు. చెవి ఒగ్గినట్టు ఆగింది.

డబ్బా మీద ఆ చుక్క ఆరిపోయింది.

కల్పన కుర్చీ దిగి ల్యాప్‌టాప్ మీద వేలు పెట్టింది. సుయ్యిమని చిన్న శబ్దం. వెళ్లిపోయింది. ఎరుపు లేదు, అడగడం లేదు, ఆగమనడం లేదు.

"వెళ్లింది మావయ్యా... వెళ్లింది!" ఇప్పుడు వచ్చాయి దానికి కన్నీళ్లు.

సరిగ్గా అప్పుడు లోపలి గదిలో కుర్చీ వెనక్కి జరిగింది. గచ్చు మీద కుర్చీ కాళ్లు ఈడ్చిన చప్పుడు. పొడుగ్గా... నింపాదిగా. చాలాసేపు కూర్చున్న మనిషి లేచి నిలబడేటప్పుడు వచ్చే చప్పుడు.

నేను ల్యాప్‌టాప్ మూశాను. సంచీ చంకన పెట్టుకున్నాను. కల్పనని లాక్కుని బయటికి వచ్చాను. దీపం ఆపలేదు. తాళం వేస్తుంటే చెవి రెండుసార్లు జారిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. మెట్లు దిగుతుంటే మంచులో మా అడుగులు మాకే ఎక్కువగా వినపడ్డాయి.

మెట్రోలో జనం, వెలుతురు, ఎవరిదో టిఫిను డబ్బాలోంచి ముల్లంగి పరాఠా వాసన. ప్రాణం లేచొచ్చింది. కల్పన ఉండబట్టలేక సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో తెరిచింది.

"జవాబు వచ్చేసింది మావయ్యా! 'మీ సమ్మతి అందింది, అభినందనలు.' చూడు!"

చూశాను. ఉత్తరం చూశాను. ఆ తరవాత తెర మూలకి చూశాను.

'రత్నం' అని ఉంది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

రైలు అప్పటికే లక్ష్మీ నగర్ దాటింది.

"ఇది... ఇక్కడికెలా అందుతోందే?"

"పాతదే చూపిస్తోందిలే" అని మూసేసింది. అదీ చూసింది, నాకు తెలుసు. ఆ రోజు దానికి దాని సంతోషం కావాలి.

మర్నాడు విష్ణువర్ధన్‌ని అడిగాను. "ఉత్తుత్తిగా చూపిస్తాంటాది సార్, మీరేం పట్టించుకోబాకండి" అన్నాడు. మరి ఉత్తరం ఎలా వచ్చింది నాయనా అంటే, తల గోక్కుని "నా డ్యూటీకి టైమయింది సార్" అన్నాడు.

రెండు రోజులకి సంస్థ నుంచి ఫోను. పాపని ఎప్పుడు తీసుకెళ్తారో మాట్లాడారు. చివర్లో ఆ అమ్మాయి నవ్వుతూ అంది, "చాలా ఆత్రపడ్డారు మేడమ్, సమ్మతి రెండుసార్లు పంపారు. రెండూ మీ చిరునామా నుంచే. పర్లేదు, మొదట వచ్చినదాన్ని తీసుకున్నాం."

కల్పన ల్యాప్‌టాప్‌లో 'పంపినవి' అన్నచోట ఒక్కటే ఉంది.

అందుకూ విష్ణువర్ధన్ దగ్గర జవాబుంది. ఇరుక్కుపోయిన మెయిలు ఒక్కోసారి రెండుసార్లు పోతుందట. అలాగే అయ్యుంటుంది. చదువు చెప్పేవాణ్ణి, చదువుకున్నవాడి మాట నమ్మాలి.

సునీల్ సెలవు మీద వచ్చాడు. కాగితాల తతంగం ముగిశాక అందరం వెళ్లి పాపని తెచ్చుకున్నాం. నవ్యశ్రీ అని పేరు పెట్టుకున్నారు. అక్కడి ఆయా మరీ మరీ చెప్పింది, దీనికింకా పాలే అలవాటు, అన్నం మెతుకు ముట్టలేదని. కల్పన పొంగిపోయింది. "అయితే మొదటి ముద్ద మన ఇంట్లోనే మావయ్యా" అంది.

కల్పనకి అన్నదమ్ములు లేరు. మేనమామ స్థానంలో నువ్వే తినిపించాలని సునీల్ అన్నాడు. ఇంకో నాలుగు రోజుల సెలవు కోసం మా హెడ్మాస్టరుకి ఫోను చేసి తిట్లు తిన్నాను.

అన్నప్రాశన ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. అన్నాళ్లకి ఎండ కాసింది. కిటికీలోంచి వేపచెట్టూ స్కూటరూ కనపడ్డాయి. విష్ణువర్ధన్ భార్య ఇంద్రజ వచ్చి ముగ్గు వేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చారు. తెలుగూ హిందీ కలగలిపి ఒకటే కబుర్లు. "పిల్ల అచ్చం నీలాగే ఉంది కల్పనా" అంటే, "అవును, గొంతు మాత్రం వాళ్ల నాన్నది, పరేడ్ గ్రౌండు దాకా వినపడుతుంది" అని ఇది. సునీల్ సిగ్గుపడుతూ కుర్చీలు సర్దుతున్నాడు. వంటింట్లో ఒకటే పొయ్యి పనిచేస్తోందని కల్పన ముందు పరమాన్నం ఒక్కటే దింపింది. వంట సంగతి తరవాత చూసుకుందాం, పిల్ల ఏడవకముందే ముద్ద పెట్టేద్దాం అంది.

పాప పీట మీద కల్పన ఒళ్లో కూర్చుంది. ఏడవలేదు. అందరి మొహాలూ చూసింది. పెదవులు గట్టిగా మూసుకుంది.

వెండి గిన్నెలో పరమాన్నం చల్లారింది. బంగారు ఉంగరాన్ని అందులో ముంచి నాలుక మీద అద్దాలని ఇంద్రజ చెప్పింది. నేను ముందుకి వంగాను.

"ఆఁ అను తల్లీ. తాతకి చూపించు."

నోరు తెరవలేదు. కుడిచేత్తో ఉంగరం పట్టుకుని, ఎడమ చేతి చిటికెనవేలితో పెదవుల మధ్య చిన్నగా తాకాను. తెరిచింది.

నా వేలికి ఏదో తగిలింది.

పన్ను అనుకున్నాను. కాదు. మెత్తగా ఉంది. వేలితో పాటు బయటికి వచ్చింది.

పప్పు కలిపిన అన్నం. రెండు మూడు మెతుకులు. పళ్లులేని నోటి కోసం ఎవరో ఓపిగ్గా, మెత్తగా, వేళ్లతో మెదిపిన అన్నం. నెయ్యి వాసన వేస్తోంది.

"ఏంటి మావయ్యా, ఆగిపోయావు?" కల్పన నవ్వుతూ నాకేసి చూస్తోంది.

వంటింటి వైపు చూశాను. పొయ్యి మీద అన్నం గిన్నె ఇంకా ఎక్కలేదు. పప్పు ఇంకా డబ్బాలోనే ఉంది.

"ఏం లేదమ్మా" అన్నాను.

పిడికిలి మూసుకున్నాను. ఉంగరం పాప నాలుక మీద అద్దాను. అందరూ అక్షింతలు వేశారు. కడుపు నిండిన పిల్లలా అది మొహం పక్కకి తిప్పుకుని, కల్పన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

పిడికిట్లో మెతుకులు ఇంకా వేడిగానే ఉన్నాయి.